సూదికి ఈక

సంగం బస్టాండు పక్కన
ముప్పై ఏళ్ళుగా జాకెట్లు కుడతా ఉండా.
దారం గురించి నాకొకరు చెప్పాల్నా అనుకున్నా.
ఆనకట్ట కింద, మోకాటి లోతు పెన్నలో
ఇండ్ల వెంగమ్మ నా చేతికి వెదురుపుల్ల ఇచ్చి
నవ్వింది చూడు,
సూదిలోకి దారం ఎక్కించలేక
ఎంగిలి చేసి చేసి అలిసిపోయే పిల్లోణ్ణి చూసి
నేను నవ్వే నవ్వు అది.

చెరువులన్నీ పాటగాళ్ళవంట.
ఈ పాయ ఒకటి ఎవురూ పాట పాడలేదు,
అందుకని మనదంట.

ఎర అంటే ఎర్ర కాదంది.
వాన వెలిసి, పుట్టల్లోంచి ఉసిళ్ళు లేస్తే
పరిగెలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి.
ఆ వేళ ఎర్రల కోసరం బురద తవ్వేవాడు
పెళ్ళి భోజనానికి సద్దిమూట కట్టుకుపోయేవాడు.
కాబట్టి ఉసిలిని కుట్టాల.
కుట్టడమా! నా పనే గదా.

పక్కింటి పుంజు మెడమీది ఈక ఒకటి,
దాని మొదట్లో బూడిదరంగు నూగు కొంచెం,
మిషను కింద రాలిన ఎవురిదో పెళ్ళిచీర జరీపోగు.
గాలం మెడకి తొమ్మిది చుట్లు,
పంటితో తుంచి, ముడికి మైనం.
లైటు కింద పెడితే రెక్కలు ఆడినాయి.
మా రమీజా చీపురు తెచ్చింది కొట్టడానికి.

"బాగా కుట్టావు దస్తగిరీ,
మరీ బాగా కుట్టావు," అంది వెంగమ్మ
రెండు వేళ్ళతో ఒక రెక్క నలిపి కుంటిది చేసి.
"నీళ్ళలో పడ్డ పురుగు
ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఉంటాదా?"

మొదటి విసురుకే పడింది,
నా చొక్కా కాలరు.
రెండోది తుమ్మకొమ్మకి.
మూడోది నీళ్ళకి చెంపదెబ్బ,
అవతలి గట్టున బర్రె కూడా తలెత్తి చూసింది.

"భుజం కాదబ్బయా, మణికట్టు.
వెనక్కి తీసినాక ఆగు.
దారం నీ వీపెనకాల నిండుగా చాపుకోవాల."
"కనపడదు గదా?"
"కనపడదు. అందుకే ఆగమనేది."
"ఎంతసేపు?"
"రెప్ప వేసి తీసినంత. ఇంకో రవ్వ.
నీడ నీళ్ళమీద పడనీకు,
పరిగె నీ మొహం చూడకూడదు."
రంజాన్ గుడ్డలు తీసుకుపోయి డబ్బులియ్యని వాళ్ళూ
నా మొహం చూడకుండా అట్టనే పోతారు, అన్నా.
"మాట్లాడబాక" అంది.

చీకటి పడే ముందు లేచినాయి ఉసిళ్ళు.
నా కంట్లో రెండు, నోట్లో ఒకటి.
ఏరంతా ఒకటి తర్వాత ఒకటి
కాజాలు తెరుచుకున్నట్టు
గుండ్రంగా, చిన్నగా, మళ్ళీ మూసుకుంటా.
ముప్పై ఏళ్ళలో నేను కుట్టిన కాజాలన్నీ
ఎవురో నీళ్ళమీద ఆరేసినట్టుండాది.

ఎన్నో విసురో లెక్క తప్పింది.
వెనక్కి తీసినా. ఆగినా.
తానులోంచి గుడ్డ జారినట్టు
వీపెనకాల ఏదో మెత్తగా చాపుకుంది.
ముందుకి వొదిలినా.
ఈక దిగిన సంగతి నీళ్ళకి తెలియలా.
ఒక కాజా తెరుచుకుంది.
ఈక లేదు.

మిషను చక్రం తిప్పినట్టు ఒక్క గుంజు గుంజినా.
ఫట్.

వెంగమ్మ చానాసేపు ఏమీ అనలేదు.
తెగిన కొస పట్టుకుని, వేలికి చుట్టి, విప్పి,
"దారం గురించి
నీకొకరు చెప్పాల్నా?" అంది.

ఆనకట్ట కింద ఎక్కడో
ఎవురిదో పెళ్ళి జరీ పెదిమకి కుట్టుకుని
వేలెడు పరిగె ఒకటి తిరగతా ఉంటాది.

నేర్పినందుకు డబ్బులొద్దంది.
నీలంరంగు గుడ్డ తెచ్చి బల్లమీద పెట్టి
జాకెట్టు కుట్టమంది.
కొలత తీస్తే చెయ్యి నిలవనీదు,
"చంక కింద వొదులు పెట్టు,
నువ్వు కుట్టిన పాతది
విసిరేటప్పుడు పట్టేస్తా ఉండాది."
పదేళ్ళు వేసుకుంది దాన్ని. ఒక్కమాటా చెప్పలా.

రెండంగుళాలు ఎక్కువ వొదిలి సుద్దతో గీసినా.
చెయ్యెత్తమన్నా.
బస్సుల మధ్య, దుమ్ములో,
లేని పుల్ల పట్టుకుని ఎత్తింది,
వెనక్కి తీసి ఆగింది.
టేపు పట్టుకుని నేనూ ఆగినా.