మూడు వంతుల మైనం

తాత పోయిన ఏటి నుంచి
అకార్డియన్ మా అటకమీద
దగ్గడం కూడా మానేసిన ముసలాడిలా పడి ఉంది.
తిత్తి సాగదీస్తే గాలి వస్తుంది, పాట రాదు.
మైనం వదిలేసిన రీడ్లు
పెట్టె అడుగున ఊడిన పళ్ళలా గలగలమంటాయి.

చిలీ దక్షిణాన, వాన ఆగని మా కిన్చావ్ దీవిలో
బాగుచేసేవాడు ఒక్కడే ఉండేవాడు, ఎలియోడోరో.
పని మొదలెడితే తలుపు గడియ పెట్టుకునేవాడు.
జేబులో తాళంచెవితోనే పోయాడు.
విద్యా ఆ జేబులోనే పోయింది.

ఫోనుకు సిగ్నలు పడవల రేవు వాలులో మాత్రమే.
గొడుగు కింద నేను. నా అరచేతిలో
ఎస్తోనియాలో ఎక్కడిదో ఒక బల్ల,
దానిమీద రెండు చేతులు.
మొహం లేదు, పేరు లేదు, ఒక గోరు నల్లబడి ఉంది.
కత్తి ఎడమచేతిలో ఉంది!
నాదీ పుర్రచేయే. బళ్ళో బెత్తం తిన్న చేయి.
ఎవరి పని చూసినా మనసులో అద్దం పెట్టి
తిప్పి చూసుకునేదాన్ని
ఆవేళ ఉన్నదున్నట్టు చూశాను.

కింద అక్షరాలు యంత్రం చేసిన తర్జుమా:
"మూడు వంతులు తేనెమైనం, ఒక వంతు చెవిగులిమి."
రెండు రోజులు ఆలోచించాను.
ఇంట్లో ఉన్న చెవులన్నీ లెక్కేశాను.
చాలవు.
సిగ్గు చంపుకుని అడిగాను.
పద్నాలుగు మంది నవ్వారు.
పదిహేనో ఆవిడ, పడవలకు తారు పూసే మనిషట,
నవ్వింది, చెప్పింది కూడా:
గులిమి కాదు తల్లీ, గుగ్గిలం. పైన్ చెట్టు బంక.
వాళ్ళ భాషలో రెండింటికీ ఒకటే మాట.

కాచాను. మాడింది.
కాచాను. పొంగి పొయ్యిలో పడింది.
మూడు గిన్నెలు పోయాక చేయి తిరిగింది.

మా దగ్గర ఇల్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరపాలంటే
ఊరంతా ఎద్దులు తోలుకొస్తారు.
కూలి ఉండదు, కూడు ఉంటుంది. మింగా అంటాం.
ఇల్లు కదిలిన సాయంత్రం
నత్తగుల్లల పులుసు, పంది మాంసం, బంగాళాదుంపలు
ఆకులు కప్పిన గోతిలో ఉడుకుతుంటాయి.
మరి ఆ నల్లగోరు చేతులకి
ఏ గోతిలో వండిపెట్టను?
తారు పూసే ఆవిడకి
ఏ పడవలో పంపను?

తాత పెట్టె ఆ జూన్‌లో పాడింది.
పాట మధ్యలో మా మేనమామ
చలికి జరిగి జరిగి పొయ్యి పక్కకు చేరాడు.
మైనం కరిగింది, రెండు స్వరాలు జారిపోయాయి.
అందరూ నన్నే చూశారు.
నేను పొయ్యి వైపు చూశాను.

ఆ రాత్రి గుగ్గిలం పాలు కొంచెం పెంచి,
తడి కట్టెల పొయ్యి దగ్గర పెట్టి చూసి,
మర్నాడు రేవుకు వెళ్ళి రాశాను:
మాలాంటి ఇళ్ళలో ఇంత. ఇక్కడ తప్పాను. ఇలా దిద్దుకున్నాను.
మాడిన గిన్నె ఫోటో కూడా పెట్టాను.
అదే నా పులుసు.

నెల తిరక్కుండా ఒక ప్రశ్న,
కేప్ వెర్దె దీవుల నుంచి, జనువారియో అనే కుర్రాడు:
"అక్కా, ఇక్కడ ఎండకు పెట్టె ఒళ్ళు కాలుతుంది,
గాలి నిండా ఉప్పు. నీ లెక్క పనికొస్తుందా?"

అక్కా అన్నాడు. నా తల తెల్లబడిందని అతనికేం తెలుసు.
ఎలియోడోరో అయితే గడియ పెట్టుకునేవాడు.
నాకు గడియ లేదు, జవాబూ లేదు.
వానలో బొటనవేలు తుడుచుకుని రాశాను:

"తెలియదు బాబూ.
పాడైనా బాధలేని రీడ్లు మూడు తీసుకో.
అంటించి ఎండలో పెట్టు.
ఏమైందో అందరికీ కనబడేలా రాయి,
చెడినా సరే."

అవతల పడవ కూత వేసింది.
బ్యాటరీ నాలుగు శాతం.
వెళ్ళిందో లేదో చూడకుండానే
ఫోను కోటు లోపల దాచుకున్నాను,
వెచ్చగా.