ఏడాదికి రెండు లెవాలు

జనవరి మంచులో బూట్లు ముందు నడుస్తాయి,
వెనక నేను, నా చంకలో రశీదు పుస్తకం.
రొడోపి కొండ మీది మా ఊళ్లో
ముప్పై ఎనిమిది పొగగొట్టాలు,
పొగ వచ్చేవి పందొమ్మిది.
పొగ చూసే తలుపు తడతాను.

సభ్యత్వం రెండు లెవాలు.
ఒక రొట్టె ధర.
అంతకు మించి అడగడానికి నాకే మొహం చెల్లదు.
ఆ డబ్బుతోనే చితాలిష్టే గదికి కట్టెలు,
పిల్లలకి గైదా తిత్తి నేర్పే రాదుల్‌కి బస్సు చార్జీ,
చిమ్మటలు కొరికిన పెళ్లి దుస్తుల మధ్య
కలరా ఉండలు.

నాకు పాట రాదు.
చిన్నప్పుడు బృందంలో చివర నిలబెట్టి
"నువ్వు పెదాలు కదుపు చాలు, గ్రూయో" అన్నారు.
అరవై ఏళ్లుగా కదుపుతూనే ఉన్నాను,
ఇప్పుడు కూడికలు చేస్తూ.

సెవ్దా అవ్వకి తొంభై ఒకటి,
చెవులు రెండూ ఎప్పుడో మూతబడ్డాయి.
వినపడని పాటకి డబ్బెందుకని
కూతురు గొణిగింది.
అవ్వ ఆ పెదాలు చదివేసి
దిండు కింది నాణేలు నా అరచేతిలో పెట్టి
"వాడు ఊదితే మా కిటికీ అద్దం వణుకుతుంది.
దాని మీద చెయ్యి పెట్టుకుంటాను" అంది.
రశీదులో కారణం రాసే గడి లేదు.
ఉంటే బాగుండేది.

యాగొదా నాలుగేళ్లుగా
పోయిన మొగుడి పేరు మీదే కడుతోంది.
నిబంధనలు ఒప్పుకోవు.
నిబంధనలు రాసింది ఆ మొగుడే.
వేల్యో, రెండు లెవాలు, అందినవి.

ఫాత్మే దగ్గర చిల్లర లేదు.
కొట్టులోంచి మేకతోలు తెచ్చింది,
చలికి అట్టలా బిగుసుకుపోయి,
ఇంకా మేక వాసనతోనే.
"పాత తిత్తి చిరిగిందటగా" అంది.
జమ: తోలు ఒకటి.
ఎన్నేళ్ల సభ్యత్వమో ఇద్దరం తేల్చుకోలేక
టీ తాగాం.

మాన్యో ఇంటి ముందు ఎప్పుడూ కాసేపు ఆగుతాను.
గడ్డి బీడు గురించి రాదుల్‌కీ అతనికీ
ముప్పై ఏళ్లుగా మాటల్లేవు.
"ఆ దొంగకి చిల్లిగవ్వ ఇవ్వను"
అంటూనే రెండు లెవాలు బల్ల మీద పెట్టాడు.
"ఇది వాడికి కాదు.
మా అమ్మ గొర్రెలకి ఉప్పు పెడుతూ ఒకటి పాడేది.
నాకు మాటలు గుర్తున్నాయి, వరస పోయింది.
ఇప్పుడది ఆ దొంగ వేళ్లలో తప్ప
ఇంకెక్కడా లేదు."
నాణేలు నా వైపు తోసి
పొయ్యి వైపు తిరిగిపోయాడు.

రాజధాని నుంచి ఒక ఫారం కూడా వచ్చింది.
నిధులు ఇస్తారట, పదిహేడు పేజీలు.
లబ్ధిదారులు ఎంతమంది అన్నచోట
నా పెన్ను ఆగిపోయింది.
అద్దాన్ని లెక్కపెట్టనా,
వేల్యోనా, మేకనా?
అది అల్మారాలోనే ఉంది.

ఫిబ్రవరిలో కొత్త తిత్తి సిద్ధమైంది,
వెంట్రుకలు లోపలికి,
మేక మెడ ఉన్నచోట గొట్టం.
పన్నెండేళ్ల కాలిన్ బుగ్గలు ఉబ్బించి ఊదాడు.
మొదట కడుపునొప్పితో మూలిగినట్టు ఏదో,
పిల్లలు పడీ పడీ నవ్వారు.
తర్వాత రాదుల్ దాన్ని చంకలోకి తీసుకుని,
ఎవరూ అడక్కుండానే,
ఉప్పు పాట ఎత్తుకున్నాడు.

అప్పుడు చూశాను:
బయట, మంచులో, గోడ వారన
టోపీ కిందికి లాగుకుని ఒక మనిషి.
లోపలికి రాడు.
రమ్మంటే వెళ్లిపోతాడు.

లేచి కిటికీ ఒక జానెడు తెరిచాను.
చలి కత్తిలా దూరింది,
పిల్లలు నన్ను తిట్టారు,
రాదుల్ మాత్రం తలెత్తకుండా
పాట మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు,
ఈసారి నెమ్మదిగా,
మాటలకి చోటు వదులుతూ.

ఆ రాత్రి అదనంగా ఒక మోపు కట్టెలు కాలాయి.
ఖర్చుల పుస్తకంలో ఏం రాయాలో
చాలాసేపు ఆలోచించి
చివరికి రాశాను:
కిటికీ.