చెక్క అచ్చు

టిక్కెట్టు ముప్పై రూపాయలు.
కూలోళ్ళకి తగ్గింపు ఉందా అని అడిగితే
కౌంటర్లో పిల్ల నవ్వి
విద్యార్థులకే అనింది.
ద్రాక్షాయణి మోచేత్తో పొడిచింది నన్ను:
"చెప్పు, మనమూ ఈడ మూడేండ్లు చదువుకున్నామని."

చెప్పులు విప్పబోయినాము.
వద్దన్నాడు తలుపుకాడ కుర్రోడు.
చల్లటి గచ్చు మీద మా హవాయి చెప్పులు
టపా టపా
హాలంతా మమ్మల్నే పిలిచినట్టు.

మొదటి గదిలో, అద్దాలపెట్టెలో
ఈ మ్యూజియమే ఉండాది, మూరెడంత.
అట్ట గోడలు, స్పాంజి చెట్లు,
గోరంత మనుషులు తెల్లగా
చేతులూపుకుంటా నడస్తా ఉండారు.
ఒక్కరి నెత్తిన గమేళా లేదు.
పక్కన నీవా నది,
ఈ అంచు నుంచి ఆ అంచుకి నీలం అద్దం.
ద్రాక్షాయణి కిటికీలోంచి అసలు నదిని చూసింది:
ఇసక, కంపచెట్లు, ఎవురిదో ఆరేసిన ఎర్ర చీర,
నడుమన కాలిబాటంత తడి.
"బొమ్మలో వానలు బాగానే పడినట్టుండాయి."

రెండో గది యాడుండాదో నాకు ఎవురూ చెప్పబల్లేదు.
ఇదంతా రాకముందు ఈడ
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
ఎండాకాలమంతా తోతాపురి లారీలు రోడ్డు పొడుగునా,
రాత్రి షిఫ్టులో
కత్తి, తొక్క, టెంక
కత్తి, తొక్క, టెంక.
సొన పడి వేళ్ళ సందులు పుండ్లు.
ఇంటికి పోతే పిల్లోడు
నా మణికట్టు నాకతా నిద్రపోయేవాడు.
ఇప్పుడా చోట
పైకప్పు నుంచి దారాలకి వేలాడతా ఉండాయి
వెయ్యి టెంకలు.
కింద పలక మీద రాసుంది:
"మామిడి టెంకలు, నూలు దారం, గాలి."
గాలికి కూడా పేరేసినారు.
ఒకదానికొకటి తగిలి
సన్నగా ఎండిన చప్పుడు.
నవ్వుదామని నోరు తెరిచినా,
నవ్వు రాలేదు.
ముక్కు వెతికింది, వాసన లేదు.
అబద్ధమెందుకు, బాగుండాది.

మెట్లెక్కి మలుపు తిరిగితే గోడ.
పూత వద్దు, నునుపు వద్దు,
చెక్క అచ్చు అట్లే పడాల అని
ఇంజనీరమ్మ దినామూ పోరేది.
"గోడని గుడ్డల్లేకుండా నిలబెడతావా తల్లీ"
అని గొణిగేవాడు మా చెంగల్రాయులు మేస్త్రి.
గొణుగుతానే పలకలు ఏరినాడు,
ఒంటికంటితో గురి చూసి, ఒక్కొక్కటీ.
కన్ను పడిన పలకొకటి అవతలికి తోస్తే
ఆయమ్మ అదే కావాలనింది.

ఇదో, ఆ కన్ను.
నా భుజమెత్తున, ఎడమ పక్క,
సిమెంటులో తెరుచుకోనుంది.
చుట్టూరా గీతలు, నీళ్ళలో రాయేసినట్టు.
ఆ చెక్క మా పొయ్యిలోనే కాలింది,
నేనే మోసకపోయినా ఇంటికి.
మేస్త్రీ లేడు. పోయిన ఆడి నెలలో
పలమనేరు బస్సులో,
కూచున్నోడు కూచున్నట్టే.

చెయ్యి పెట్టినా.

"అమ్మా, ముట్టుకోకూడదు."
కుర్రోడు పరిగెత్తుకోనొచ్చినాడు.
మంచోడే, గొంతు పెంచలేదు.
జేబు మీద పేరు: మొగిలీశ్వర్.
వీడికేం చెప్పేది,
పచ్చి కాంక్రీటు కాగతాదని,
లోపల్నించి, నుదురు మాదిరి,
తడి గోనెపట్టాలు మార్చి మార్చి కప్పి
పది దినాలు నీళ్ళు పట్టినామని.

ద్రాక్షాయణి చెప్పింది:
"దీనికి జొరమొచ్చినప్పుడు చూసుకున్నోళ్ళం నాయనా.
తగ్గిందా లేదా అని చూస్తా ఉండాము."

వాడు అటూ ఇటూ చూసినాడు.
పై మూలలో కెమెరా, ఎర్ర చుక్క.
టోపీ సర్దుకున్నాడు,
కెమెరాకీ మాకూ నడుమ వీపు పెట్టి నిలబడి
"బిరబిరా కానీండమ్మా" అన్నాడు.

చల్లగా ఉండాది.

బయట నదికి ఎదురుగా సిమెంటు బెంచీ,
అదీ మేము పోసిందే,
ఒక కొస రవ్వంత దిగింది.
కూచున్నాము. టిక్కెట్టుని నాలుగు మడతలేసి
రవికలో దోపుకునింది ద్రాక్షాయణి.
బెంచీ కొస చేత్తో తడిమి
"ఈ వంకర ఎవురిది," అనింది, "నీవా, నేనా?"

నేను నది వైపు చూపించినా.