మూడు పొట్టి గంటలు

ఫహాహీల్‌లో మా బడి.
మేడెక్కితే రిఫైనరీ మంట కనిపిస్తుంది,
పగలు పలచగా, రాత్రి చిక్కగా.
బొమ్మ గీయమంటే పిల్లలు
ఒక మూల సూర్యుణ్ణి, ఇంకో మూల దాన్నీ గీస్తారు.

గురువారం, బస్సులు వెళ్ళిపోయాక మీటింగు.
తంకమణి మేడం ప్రొజెక్టర్ వేసింది.
పచ్చ అంటే బడి ఉన్నట్టు,
పసుపు అంటే సగం మంది,
ఎరుపు అంటే ఎవరింట్లో వాళ్ళు, ఫోన్లో పాఠం.
ఫైలు పేరు ప్లాన్ ఫైనల్ ఏడు.
ఎనిమిదోది వస్తుందని అందరికీ తెలుసు.
టీ మాత్రం ఒక్కసారే వచ్చింది.

కిటికీలకు టేపు ఎవరు వేయాలి,
నీళ్ళ డబ్బాలు ఏ మెట్ల కింద పెట్టాలి,
విమానాలు ఆగిపోతే
సెలవు మీద కొట్టాయం వెళ్ళిన కెమిస్ట్రీ టీచరుకు బదులెవరు,
అన్నీ గంటలో తేలిపోయాయి.
తేలనిది గంటే.

నిప్పంటుకుంటే పొడుగు గంట.
అది వింటే బయటికి రావాలి,
గ్రౌండులో తెల్లగీత మీద వరసగా నిలబడాలి.
ఏళ్ళ తరబడి నేర్పాం, అది వాళ్ళ కాళ్ళకే వచ్చేసింది.
ఇప్పుడు పైనుంచి వచ్చేదానికి
లోపలికి పరుగెత్తమనాలి,
అద్దాల్లేని నడవాలోకి, గోడకు వీపు ఆనించి.
అదే బడి, అవే కాళ్ళు,
దిక్కు మాత్రం తిరగబడింది.

పీటీ సార్ విజిల్ అన్నాడు.
ఊరి సైరన్‌లా మాత్రం ఉండొద్దని ఎవరో అన్నారు.
చివరికి మూడు పొట్టి గంటలు.
చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాం.

తెలుగు పంతుల్ని కదా, నాకు ఫారాలు ఇచ్చారు.
'మీరు రాలేకపోతే పిల్లను ఎవరికి అప్పగించాలి?'
అప్పగింతలంటే మా వైపు
సన్నాయి ఆగాక వచ్చే ఏడుపు.
ఇక్కడ వేలెడంత గడి.
మంగాఫ్‌లో బాబాయి అని ఒకరు,
పక్క ఫ్లాటు సూడానీ ఆంటీ అని ఒకరు.
ఒక తండ్రి 'దేవుడు' అని రాసి,
ఫోన్ నంబరు దగ్గర గీత గీశాడు.
పదకొండు ఫారాల్లో ఒకే పేరు:
మస్తానమ్మ, తొమ్మిదో నంబరు బస్సు ఆయా.

అడిగితే నవ్వింది.
"పదకొండు మందేనా సార్? ఇంకా ఇద్దరు రాయల్యా?"
సంచిలోంచి నూనె మరకల డైరీ తీసింది.
గుండ్రటి రాయచోటి అక్షరాలు:
ఎవరి లిఫ్టు చెడిపోయింది,
ఎవరికి ఆయాసం పంపు కావాలి,
ఎవరు అన్నను వదిలి బస్సెక్కరు.
"ఎబినేజరు వాళ్ళమ్మ నర్సు.
తేట్రులో ఉంటే ఫోను ఎత్తదు.
వాణ్ణి నాకాడే పండేసుకుంటా."
మీటింగుకు రావాల్సింది మస్తానమ్మా, అన్నాను.
"పిలిస్తే గదా.
పిలిచినా టీ సాలదు లే సార్."

ఆదివారం రిహార్సల్.
మూడు పొట్టి గంటలు.
నడవా నిండా వీపులు, మోకాళ్ళు, అణచుకున్న నవ్వులు.
రెండు నిమిషాల నలభై సెకన్లు. మేడం మొహం వెలిగింది.
నాలుగు బి లెక్క ముప్పై ఒకటి.
మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై ఒకటే.

గ్రౌండులో, ఎండలో, తెల్లగీత మీద
చేతులు కట్టుకుని ఎబినేజరు.
సరిగ్గా వాడి చోట్లోనే నిలబడ్డాడు.
ముందూ వెనకా ఎవరూ లేని వరస.
వాడి వెనక ఎక్కడో ఆ మంట.

నేను మెట్లు దిగేసరికే
మస్తానమ్మ వాడి నెత్తి మీద డైరీ నీడ పట్టి
నడిపించుకొస్తోంది.
"నేనే ఫస్టొచ్చా సార్" అన్నాడు వాడు.
అవునన్నాను. ఇంకేమనాలో తోచలేదు.

ఆ రాత్రి ప్లాన్ ఎనిమిదిలో ఒక వాక్యం చేర్చాను.
'చివరిగా గ్రౌండు చూడాలి.'
ఎవరు అన్న గడిలో
నా పేరు రాసి, కింద ఆమె పేరు రాశాను.
కాసేపు చూసి
వరస మార్చాను.