ఎనభై ఎనిమిది పాయింట్ నాలుగు

నాకు కావలసింది స్టేషన్ కాదు,
స్టేషన్ లేని చోటు.

ఈ మాటంటే మా హీయుమా దీవిలో
పడవ టిక్కెట్లిచ్చే మైరే కూడా
ఓ చూపు చూసి చిల్లర చేతిలో పెడుతుంది.
ముప్పై ఏళ్ళు ఫెర్రీ ఇంజన్ల కింద పాకి
చెవులు సగం అరగదీసుకున్నదాన్ని.
మిగిలిన సగంతో ఇప్పుడు గాలిని వింటున్నాను.

ఆవిరిస్నానాల కొట్టం కప్పు మీద
ఐదు ఈనెల అల్యూమినియం యాంటెన్నా,
తిప్పడానికి పాత కారు వైపర్ మోటారు.
కాకులకు నచ్చింది. పక్కింటి ఎల్మార్‌కి నచ్చలేదు.

జూన్ వస్తుంది. చీకటి పడడం మానేస్తుంది.
నూరు కిలోమీటర్ల ఎత్తున మబ్బు కాని మబ్బొకటి
ఎవరూ చూడకుండా అద్దంలా గట్టిపడుతుంది.
అప్పుడు ఎక్కడో దక్షిణాన
తన ఊరికోసమే మాట్లాడుతున్న ఓ గొంతు
పైకెళ్ళి, తగిలి, జారి,
నా బంగాళదుంప మడుల మీద దిగుతుంది.

ఎంతసేపు? పాలు పొంగేంతసేపు.
ఒక్కోసారి పొయ్యి వెలిగించేంత కూడా కాదు.
రేడియో కిటికీలో స్టేషన్ పేరు
సగం తేలి, సగం దగ్గరే మునుగుతుంది.
నోటుబుక్కులో రాస్తాను:
తేదీ, నిమిషం, భాష, ఏమమ్ముతున్నారో.
నాకొచ్చిన ఇటాలియన్ నలభై మాటలు,
అన్నీ పరుపుల ప్రకటనల్లోవే.

అందుకే ఖాళీ కావాలి.
ఎనభై ఎనిమిది పాయింట్ నాలుగు
ఇరవై ఏళ్ళు దున్నకుండా దాచుకున్న బీడు.
ఇసుక జారినట్టుండే ఆ హోరు
మీకు చప్పుడు. నాకు తెరిచిన తలుపు.

పోయిన వసంతంలో ఆ తలుపులో
తావెత్ కుర్చీ వేసుకు కూర్చున్నాడు.
ఎల్మార్ మనవడు. ఇరవై రెండేళ్ళు.
చేపల గిడ్డంగి మేడ మీద
లైసెన్సుతో సహా ఓ స్టేషన్ పెట్టాడు.
ఫెర్రీ వేళలు, గాలి వేగం, పుట్టినరోజులు,
నడుమ నడుమ తనొక్కడికే నచ్చే పాటలు.
"వింటున్నావా హెల్వే అత్తా?" అన్నాడు రొట్టెల కొట్లో.
"రోజూ" అన్నాను. అబద్ధం కాదు.
దక్షిణానికి ఎప్పుడు తిప్పినా వాడే తగిలేవాడు.

జూన్ పంతొమ్మిది. సాయంత్రం ఏడూ పది.
దూరాన ఒక్కటే ఉరుము.
తావెత్ మాట మధ్యలో తెగిపోయాడు.
హోరు. నా పాత హోరు,
పోయిందనుకున్న కోటు జేబులో చెయ్యి పెట్టినట్టు.

ఫోను పక్కనే ఉంది. వాడి నంబరూ ఉంది.
"ఒరేయ్, నీ ట్రాన్స్‌మిటర్ పోయింది" అంటే సరిపోను.
నేను యాంటెన్నా సరిచేసుకున్నాను.

వచ్చింది.
ఆడగొంతు. ఇటలీ మడమ దగ్గరి ఏదో ఊరు.
ఆమె వెనక స్కూటర్ ఒకటి ఎక్కడికో పోతోంది.
కాగితం చూసి నెమ్మదిగా చదివింది.
నా నలభైలో లేని మాట ఒకటి, మూడుసార్లు.
నిఘంటువు తీశాను: చిలక.
తప్పిపోయింది. ఆకుపచ్చ. ఎడమ కాలికి ఎర్రదారం.
ఒరోంజో అని పిలిస్తే పలుకుతుంది.
కిటికీలోంచి బయటికి చూశాను,
చూడకుండా ఎలా ఉంటాం?

పదకొండు నిమిషాలు.
తర్వాత తావెత్, ఏమీ ఎరగనట్టు, గాలివేగంతో.

మర్నాడు కొట్లో రొట్టె కొనకుండా నిలబడ్డాడు.
"పదకొండు నిమిషాలు నేను లేనత్తా.
ఒక్కరంటే ఒక్కరు ఫోన్ చెయ్యలేదు.
ఇన్నాళ్ళూ గోడలకి చెబుతున్నానన్నమాట."
నేను చిల్లర లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను.

మధ్యాహ్నం ఫోన్ చేశాను.
"ఓ ప్రకటన చదవాలి. చిలక తప్పిపోయింది."
"ఎవరిది?"
"తెలిసినవాళ్ళది."
"ఎటువైపు?"
"దక్షిణం."
మా దీవి దక్షిణం అనుకున్నాడు. అనుకోనిచ్చాను.

ఏడూ పదికి చదివాడు,
ఒరోంజో దగ్గర రెండుసార్లు నాలుక మడతపడి.

ఆ రాత్రి ఏడుగురు ఫోన్ చేశారట,
ఆకుపచ్చగా ఏదో చూశామని.
ఎల్మార్ అయితే నా యాంటెన్నా మీదే చూశాడట.
కాలికి ఎర్రదారం కూడా ఉందంటాడు.