కనుమకు ముందు

ఏడు ప్యాంట్లు.
ఏడింటికీ కూర్చునే చోట
రెండు పొరల స్పాంజి, పైన బనీను గుడ్డ.
అంగడి షట్టరు సగం దించి కుడతా ఉండాను.
కొర్లగుంటలో ఈ సందులో
రాత్రి తొమ్మిదికి మేలుకోనుండేది
నా మిషనూ, రెండు కుక్కలూ.

రేపు తెల్లారకముందే బయల్దేరాల.
చంద్రగిరి, రంగంపేట, ఆ పైన భాకరాపేట కనుమ,
అది దాటినాక నేరబైలు, తలకోన.
పోను అరవై, రాను అరవై.
"రాను సంగతి తలకోనలో మాట్లాడదాంలే"
అంటాడు పంచరంగడి చెంగల్రాయులు.

ఏడు కొండలు నెత్తిమీదే ఉండే ఊళ్ళో
ఎక్కి నేర్చుకునేదానికి మాకొక మిట్ట దొరకలా.
నెలన్నరగా ఫ్లైఓవరే మా కొండ.
నాలుగున్నరకి ఎక్కేది, దిగేది,
కింద తిప్పుకోని మళ్ళా ఎక్కేది.
పాలవ్యాను డ్రైవరు రోజూ కిటికీలోంచి అడుగుతాడు
"ఏం పోగొట్టుకున్నారక్కా ఈడ?"

ఏకాంబరం సారు సర్వే ఆఫీసులో చేసి రిటైరైనాడు.
గ్రాఫు కాగితం మీద దారంతా గీసి తెచ్చినాడు.
చంద్రగిరి దాకా ఇస్త్రీ పెట్టినట్టు సాపు.
రంగంపేట దాటినాక
గీత నెత్తికెక్కతాది.
మెళ్ళో టేపు తీసి దానిమీద పెట్టినా.
కనుమ మొత్తం నాలుగించీలు.
"ఇంతేనా సార్?"
ఆయన నవ్వలా.
"ఆ నాలుగించీల్లోనే ఉండాదమ్మా అంతా."

షంషాద్ చెప్పినవి చాక్‌పీసుతో గోడమీద రాసుకున్నా:
మోకాలు ముందు నొస్తే సీటు ఎత్తు.
మిట్ట మొదల్లోనే గేరు మార్చు,
చైను ఏడ్చేదాకా ఉండొద్దు.
దాహం కాకముందే తాగు.
దాని కిందనే
ఎవురిదో జాకెట్టు కొలత, చెరపలేదింకా.

చెంగల్రాయులు అందరి బ్రేకు రబ్బర్లూ మార్చినాడు.
"ఎక్కేదానికి కాళ్ళు చాలు,
దిగేదానికే దేవుడు కావాల" అంటాడు.
రెడ్డెమ్మ చెనక్కాయపప్పూ బెల్లమూ దంచి
ఉండలు కడతా ఉండాది, మనిషికి ఆరు.

నాకు భయం లేదని కాదు.
నలభై ఆరేళ్ళు. సెకండ్‌హ్యాండు గేరు సైకిలు.
అయినా ఈ కాళ్ళు
ఇరవై రెండేళ్ళుగా తొక్కతానే ఉండాయి,
ఉన్న చోటనే,
ఇదే గోడకి ఎదురుగా.
అంత తొక్కుడూ చక్రాలకి పడుంటే
యాడికి పోయుందునో
అని ఒక్కోసారి లెక్కేస్తా,
మధ్యలో ఎవురో ఫాల్స్ కుట్టమని వస్తారు,
లెక్క తప్పిపోతాది.

పోయిన ఆదివారం ఫ్లైఓవర్ సగంలో
ఏకాంబరం సారు దిగేసినాడు.
పిట్టగోడకి ఆనుకోని
చాలాసేపు రైలుపట్టాల పక్క చూసినాడు.
"నా పేరు కొట్టేయండి" అన్నాడు,
ఫైలు మీద సంతకం పెట్టినట్టు.

"ఆరు కుడితే చాలక్కా" అన్నాడు
వెటర్నరీ కాలేజీ పిల్లోడు నిఖిలేశు.
చాలు, నిజమే.
గుడ్డ ఏడుకి కత్తిరించేసినా.
ఆయన నడుము కొలతకి కోసింది
ఇంకెవురికి పడతాది?
ఆరోది అయినాక
చేయి ఊరికే ఉండక ఏడోది ఎత్తుకున్నా.

షట్టరు కింద రెండు చెప్పులు కనపడినాయి.
వాటి వెనక ఆయన, వంగోని.
లోపలికి రాలా.
"జేబు పెట్టినావామ్మా?"
"దేనికి సార్?"
"మాత్రలకి."

ఇంకేమీ అడగలా నేను.
"ఎంత లోతు?" అన్నా.
రెండువేళ్ళు చాపి చూపించినాడు.
టేపు పెట్టి చూస్తే
నాలుగించీలు.

పోయినాడనుకుంటే మళ్ళా వంగినాడు.
"ఇంకో ఇంచీ పెంచమ్మా,
రెడ్డెమ్మ ఉండలు రెండు పట్టాల."

నల్లదారం అయిపోయింది.
నీలం ఎక్కించినా.
కనుమలో
జేబు కుట్టు ఎవురు చూస్తారులే.