కొరుకుతున్నావా

"చెవిటివాడి ముందు శంఖమూదితే
కొరుకుతున్నావా అన్నాడట."
మెట్‌పల్లి బళ్ళో సారు చెప్పగానే
బెంచీలన్నీ కదిలాయి. నవ్వారన్నమాట.
నేనూ నవ్వాను, ఒక క్షణం ఆలస్యంగా.

ఇప్పుడు మనామాలో, గుదైబియా సందులో
పగలు బోర్డులు గీస్తాను.
మందుల షాపు, మటన్ షాపు, మూడుసార్లు పేరు మార్చిన సెలూను.
ఇక్కడి లిపిలో చుక్క కింద ఉంటే ఒక అక్షరం, పైన ఉంటే ఇంకొకటి.
చుక్క జారితే ఓనరు మీసం జారుతుంది;
అతని అరుపు నాకు అంతవరకే.

రాత్రి పెళ్లి వీడియోలు కోస్తాను.
శబ్దం తెర అడుగున ఆకుపచ్చగా పాకుతుంది
పళ్లు విరిగిన దువ్వెనలాగ.
ఒకసారి అప్పగింతల ఏడుపుని నవ్వనుకుని
దానిమీద గులాబీలు చల్లాను.
సగం డబ్బులే ఇచ్చారు.

గోడలకు చెవులుంటాయంటారు.
నా గోడకు కిటికీ ఏసీ ఉంది.
దాని వణుకు మంచం కోడు పట్టుకుని
వీపు దాకా వస్తుంది.
కరెంటు పోతే అందరికంటే ముందు నాకే మెలకువ.

హెస్సా ముత్యాల కోసం మునిగినవాళ్ల మీద చిన్న సినిమా తీస్తోంది.
ఎడిటింగు నువ్వే, పోస్టరు నువ్వే అని ఫోన్లో టైపు చేసి
సంగీతం కూడా, అంది.
తప్పు పదం పడిందేమోనని
ఫోను తిరిగి ఆమె చేతికే ఇచ్చాను.
ఆమె దిద్దలేదు.

ముహర్రక్‌లో మర్జూక్ తాత. తొంభై దాటాయి.
పదమూడో ఏట సముద్రం లోతు
రెండు చెవులూ తినేసింది.
మా ఇద్దరి మధ్య హెస్సా తమ్ముడు,
వినబడేవాడు, ఫోన్ చూసుకుంటూ.

తాత మట్టికుండ తెచ్చాడు, జహ్లా అంటారు.
నా చెయ్యి మణికట్టు దాకా దాని నోట్లో పెట్టి
అరచేత్తో పక్కన కొట్టాడు.
మోచేయి దాకా ఎక్కింది.
మా అమ్మ నడిపిన పిండిమర గడపలో
చిన్నప్పుడు నా కడుపులో తిరిగింది ఇదే,
జొన్నలు పడ్డప్పుడొకలా, గోధుమలు పడ్డప్పుడొకలా.

కొడుతూ కొడుతూ తాత దవడ కదులుతోంది.
గడ్డం పైకీ కిందికీ. ఒక పక్క బుగ్గ ఉబ్బి.
ఖర్జూరమేమో.
ఏం నములుతున్నావని సైగ చేశాను.

హెస్సా తమ్ముడు ఫోన్ పడేసి పొట్ట పట్టుకున్నాడు.
తర్వాత టైపు చేశాడు:
పాడుతున్నాడు. పడవ మీద పాట.

తాతకు సంగతి చెప్పడానికి ఇంకాస్త సేపు పట్టింది.
తన పాట తనకూ వినబడని మనిషి
జేబులోంచి నిజంగానే ఒక ఖర్జూరం తీసి
గింజ వలిచి సగం నాకిచ్చాడు.
ఇద్దరం కొరికాం.

కెమెరా తిరుగుతూనే ఉంది.
ఆ షాట్ నేను కోయలేదు.